పేరు తెలియని పుస్తకం ఫోనులో దొరకదు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయం ఆవరణలో విశ్రాంత గ్రంథాలయాధికారి ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారమండీ. పెద్దలంతా ముందు కుర్చీల్లో ఉన్నారు. పరీక్షలకి చదువుకునే పిల్లలు వెనక అరుగు మీద సర్దుకున్నారు. ఈ వారం రోజులూ మైకు పెట్టి మీ చదువు పాడుచేస్తున్నాం, ఏమనుకోకండర్రా. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా మీ గురించే.

పొద్దున్న రావులపాలెంలో బస్సు దిగి ఆటో ఎక్కాను. లైబ్రరీ దగ్గర దింపు బాబూ అన్నాను. ఆ అబ్బాయికి ఇరవై, ఇరవై రెండు ఉంటాయేమో. "లైబ్రరీ ఇంకా ఉందాండీ?" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే తెలియక అడిగాడు. కాలవ గట్టు మలుపు తిరిగాక ఈ బోర్డు కనబడింది. "ఓ, ఇదాండీ! మా చెల్లి రోజూ ఇక్కడికే వస్తాదండి, కానిస్టేబులు పరీక్షకి" అన్నాడు. మరి లైబ్రరీ ఉందా అని అడిగావేంటి నాయనా అంటే, వాళ్ళింట్లో దీన్ని "రూము" అంటారట. ఆ అమ్మాయి "రూముకెళ్తున్నా" అని చెప్పి బయల్దేరుతుందట.

ఇవాళ గ్రంథాలయాన్ని జనం ఎలా చూస్తున్నారు, ఎలా వాడుకుంటున్నారు అన్న విషయం మీద మాట్లాడమన్నారు మీరు. నాలుగు రోజులుగా కాగితాల మీద ఏవేవో రాసుకున్నాను. ఆటో దిగేసరికి అవన్నీ ఆ ఒక్క మాట దగ్గరికే వచ్చి ఆగాయి. రూము.

నేను 1987లో ఉద్యోగంలో చేరాను. అంతకు ముందు ఏడాది ఆగస్టులోనే గోదావరికి పెద్ద వరద. నాకిచ్చిన శాఖలో గోడ మీద నీళ్ళు నిలిచిన చార ఇంకా ఉంది. బీరువాల్లో కింది అర పుస్తకాలు ఉబ్బిపోయి, తలుపు పట్టడం లేదు. అలాంటి గదికి కూడా ఎనిమిదింటికి తాళం తీసేసరికి అయిదారుగురు నిలబడి ఉండేవారు. పేపరు విడిపోయి తలా ఒక కాగితం అయ్యేది. కొబ్బరి దింపు పని చేసే పెద్దాయన ఒకరు రోజూ వచ్చేవారు. ఆయనకి చదువు రాదు. పక్కాయన చదువుతుంటే విని, మార్కెట్ ధరలు రెండోసారి చదివించుకుని వెళ్ళేవారు. ఆయన్ని పాఠకుల లెక్కలో రాయాలా వద్దా అని కొత్తలో సందేహపడ్డాను. తరవాత రాశాను.

సాయంత్రం ఆడవాళ్ళ తరఫున పిల్లలొచ్చేవారు. "అమ్మ రెండో భాగం ఇమ్మందండి" అనేవాడు గుమ్మంలో నిలబడి. ఏ నవలకి రెండో భాగమో చెప్పడు. వాడు ఎవరింటి పిల్లాడో చూసి, ఆ ఇంటికి మొదటి భాగం ఏది పంపానో గుర్తు తెచ్చుకుని ఇవ్వాలి. ఆ తల్లుల్లో చాలామంది మొహం నేను ఎప్పుడూ చూడలేదు. వాళ్ళకి ఏ కథ నచ్చుతుందో, ఏది సగంలో వెనక్కి వస్తుందో మాత్రం తెలిసేది.

తరవాత ఏమైందో మీకూ తెలుసు. కేబుల్ టీవీ వచ్చాక నవలల రాకపోకలు తగ్గాయి. ఫోను వచ్చాక వారపత్రికలు పోయాయి. ఇష్యూ రిజిస్టరులో ఒక పేజీ నిండడానికి ఒకప్పుడు ఒక పూట చాలేది. నేను రిటైరయ్యే నాటికి వారాలు పట్టేది. కుర్చీలు మాత్రం ఖాళీ లేవు. ఇంకా చెప్పాలంటే, నా ఉద్యోగం మొత్తంలో కుర్చీలు చాలక పక్క స్కూలు నుంచి బల్లలు అడిగి తెచ్చుకున్నది ఆ చివరి అయిదారేళ్ళలోనే. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు, బ్యాంకు, రైల్వే, ఏ నోటిఫికేషన్ పడ్డా ముందు నిండేది రీడింగ్ రూమే.

దీని మీద పెద్దల్లో ఒక ఫిర్యాదు ఉంది. నేను చాలాసార్లు విన్నాను, ఇవాళ కూడా ఇందాక టీ తాగుతుండగా విన్నాను. "మా పుస్తకం ఒక్కటి ముట్టరండి. వాళ్ళ గైడ్లు వాళ్ళు తెచ్చుకుంటారు, ఫోనుకి చార్జింగు పెట్టుకుంటారు, ఫ్యాను కింద కూర్చుంటారు. దీనికి లైబ్రరీ ఎందుకు, సత్రం చాలదా?" అని. ఆ మాట అన్న పెద్దాయన మీద నాకు గౌరవం ఉంది. ఆయన ఈ గ్రంథాలయానికి పుస్తకాలు ఇచ్చినవారు. కానీ ఆ మాట నేను ఒప్పుకోను.

ఈ పిల్లలు ఇక్కడికెందుకు వస్తారు? వాళ్ళ ఇళ్ళకి ఒకసారి వెళ్ళి చూడండి. ఒకటే గది, అందులోనే టీవీ, అందులోనే మంచం పట్టిన నాయనమ్మ. ఆడపిల్ల పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఎవరో ఒకరు పని చెబుతారు. ఈ బల్ల దగ్గర కూర్చుంటే ఎవరూ చెప్పరు. ఫోనులో యూట్యూబ్ క్లాసు వింటున్నా, పక్కన ఇంకో పదిమంది చదువుతుంటే తనకీ చదవాలనిపిస్తుంది. ఆ నిశ్శబ్దం, ఆ పక్కన పదిమంది ఫోనులో దొరకరు. పిల్లలు దాన్ని రూము అన్నారంటే, వాళ్ళకి ఇంట్లో లేనిదేదో ఆ పేరులోనే చెప్పేశారు.

అయితే నా బాధ వేరే ఉంది. కుర్చీకీ బీరువాకీ మధ్య నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగులూ వాళ్ళు నడవడం లేదు. అది వాళ్ళ తప్పు కాదని నాకు ఒక సంఘటనతో అర్థమైంది, చెప్తాను.

రిటైర్మెంటుకి ఏడాది ముందు, ఒకమ్మాయి ఫోను పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. "మేడమ్, ధవళేశ్వరం ఆనకట్ట ఏ సంవత్సరమండీ? ఒక బిట్ల పుస్తకంలో 1847 అని ఉంది, ఇంకోదాంట్లో 1852 అని ఉంది. నెట్‌లో రెండూ వస్తున్నాయి. ఏది టిక్కు పెట్టాలి?" అంది. పని మొదలైంది 1847, పూర్తయింది 1852, ప్రశ్న ఎలా అడిగాడో చూసుకోమని చెప్పి పంపేయచ్చు. ఎందుకో ఆ రోజు పంపాలనిపించలేదు. జిల్లా గెజిటీర్ అని, జిల్లా చరిత్రా వివరాలూ అన్నీ ప్రభుత్వం రాయించిన పుస్తకం, ఎప్పుడైనా చూశావా అన్నాను. ఆ పేరే వినలేదంది. 1907లో హెమింగ్వే అనే దొర ఉద్యోగి తయారుచేసిన గోదావరి జిల్లా గెజిటీర్ పాత ప్రతి ఒకటి మా దగ్గర ఉండేది. తీసి ముందు పెట్టాను. ఆనకట్ట కథ, కాలవల కథ, ఆనకట్టకి ముందు ఇక్కడి జనం కరువులకి ఎలా చచ్చిపోయారో, అన్నీ ఉన్నాయి. ఆ అమ్మాయికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇద్దరం కలిసి చదివాం. ఆ సాయంత్రం తన బిట్లు ముట్టలేదు.

మర్నాడు వచ్చి, "మేడమ్, ఆ పుస్తకం నెట్‌లో కూడా ఉందండీ, ఉచితంగా. రాత్రి దింపుకున్నాను" అంది. ఫోను తీసి చూపించింది. నిజమే, ఉంది. నిన్న కూడా అక్కడే ఉంది. తన చేతిలోనే ఉంది. పేరు తెలియక వెతకలేదు.

అప్పటినుంచీ ఇదే నా మనసులో తిరుగుతోందండీ. వెతికే పెట్టెలో ఏదో ఒకటి టైపు చేయాలి. టైపు చేయాలంటే అలాంటిదొకటి ఉందని ముందు తెలియాలి. బీరువా ముందు నిలబడితే ఆ అవసరం లేదు. మనం వచ్చిన పుస్తకం పక్కన, మనకి పేరు తెలియని పుస్తకం వీపు కనబడుతుంది. బీరువా కూడా చూపించలేనప్పుడు ఒక మనిషి చెప్పాలి. ఆ మనిషికే గ్రంథాలయాధికారి అని పేరు. ఇప్పుడు చాలా శాఖల్లో ఆ మనిషి లేరు. ఉన్నచోట కూడా ఒక్కరే రెండు, మూడు ఊళ్ళు చూసుకుంటున్నారు. తాళం తీసేవాళ్ళుంటే చాలు, పేపరు వేస్తే చాలు అన్న దగ్గరికి వచ్చేశాం.

ఇది మన ఒక్కళ్ళ సంగతేనా అని నేను కొంత చదివాను. 2005లో ఓసీఎల్‌సీ అనే గ్రంథాలయాల సహకార సంస్థ ఆరు దేశాల్లో ఇంటర్నెట్ వాడేవాళ్ళని అడిగింది. ఆ ఆరింటిలో మన దేశమూ ఉంది. సమాచారం కావాలంటే మొదట ఎక్కడికెళ్తారు అంటే 84 శాతం మంది సెర్చ్ ఇంజిన్ అన్నారు. లైబ్రరీ వెబ్‌సైట్ అన్నవాళ్ళు ఒక్క శాతం. లైబ్రరీ అనగానే ఏం గుర్తొస్తుంది అంటే దాదాపు 70 శాతం మంది పుస్తకాలే అన్నారు. అంటే జనం మనసులో మనం పుస్తకాలం, అవసరం వచ్చినప్పుడు మాత్రం మొదట గుర్తుకి రాం. స్మార్ట్ ఫోను ఇంకా జనం చేతుల్లోకి రాని రోజుల మాట ఇది.

తరవాత 2012 చివర్లో అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వేల సంస్థ వాళ్ళు అడిగారు. పుస్తకాలు ఇంటికివ్వడం చాలా ముఖ్యం అన్నవాళ్ళు 80 శాతం. సాయం చేసే లైబ్రేరియన్ ఉండడం చాలా ముఖ్యం అన్నవాళ్ళూ సరిగ్గా 80 శాతమే. ఉచితంగా కంప్యూటరు, ఇంటర్నెట్ ఇవ్వడం అన్నవాళ్ళు 77 శాతం. మనకంటే ముందే ఇళ్ళల్లోకి నెట్ వచ్చిన దేశంలో, పుస్తకంతో సమానంగా మనిషిని కోరుకున్నారు! మర్నాటి ఏడాది, 2013లో, ఇంకో ప్రశ్న అడిగారు. మీ ఊరి లైబ్రరీ మూసేస్తే ఏమవుతుంది? ఊరి మీద ప్రభావం పడుతుంది అన్నవాళ్ళు 90 శాతం. మా ఇంటి మీద పడుతుంది అన్నవాళ్ళు మూడింట రెండు వంతులు. ఆ తేడా చూశారా? ఊరికి ఉండాలి, మనకి అంత అక్కర్లేదు. ఈ మాట మన దగ్గరా రోజూ వింటాం. "లైబ్రరీ ఉండాలండీ, ఊరికి అందం" అంటారు. ఆఖరిసారి ఎప్పుడొచ్చారు బాబాయ్‌గారూ అంటే, హైస్కూల్లో ఉన్నప్పుడు అంటారు.

గ్రంథాలయాన్ని ఇలా దూరం నుంచి గుడిలాగా చూడడం వల్ల మేలేమీ లేదని నా అభిప్రాయం. మన వాళ్ళు దీన్ని అలా కట్టలేదు. నాళం కృష్ణారావు గారు రాజమండ్రిలో 1898లో గ్రంథాలయం పెట్టేనాటికి ఆయన వయసెంతో తెలుసా? పదిహేడు. వెనక కూర్చున్న మీకంటే చిన్నవాడు. వసురాయకవిగా పేరున్న తమ గురువు వడ్డాది సుబ్బారాయుడు గారి పేరున, వసురాయ గ్రంథాలయం అని పెట్టారు. అదే తరవాత గౌతమీ గ్రంథాలయంలో కలిసింది. గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు మన బిక్కవోలు దగ్గర కొంకుదురులో పుట్టారు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల వాళ్ళందర్నీ ఒకచోట చేర్చారు. ఆ సభకి అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చిన్నప్పటినుంచీ రేచీకటి ఉన్న మనిషి, రాత్రిళ్ళు తోటి పిల్లలు చదివి వినిపిస్తే పాఠాలు నేర్చుకున్న మనిషి. వినడం కూడా చదవడమే అని ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. నా కొబ్బరి దింపు తాతగారిని లెక్కలో రాయాలా అని నేను సందేహపడ్డానంటే, ఈ చరిత్ర నాకు అప్పటికి సరిగా తెలియకే.

ఆ రోజుల్లో పుస్తకం జనం దగ్గరికి నడిచింది. కృష్ణా డెల్టాలో 1935లో పాతూరి నాగభూషణం గారి వాళ్ళు కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. రేవు రేవుకీ ఆగడం, పుస్తకాలిచ్చుకోవడం, తిరుగు ప్రయాణంలో తీసుకోవడం. కాలవలు మనకీ ఉన్నాయి, వాటి మీద పడవలు ఎప్పుడో ఆగిపోయాయి. ఇప్పుడు ప్రతి రేవులోనూ ఆగేది ఫోనే. దాన్ని శత్రువుగా చూసే లైబ్రేరియన్లతో నాకు పేచీ ఉంది. చూపు లేనివాళ్ళ కోసం సుగమ్య పుస్తకాలయ అని 2016లో ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. చిలకమర్తి వారికి తోటి పిల్లలు చేసిన పని ఇవాళ ఫోను చేస్తుంది. మీ ఊళ్ళో చూపు లేని కుర్రాడెవరైనా ఉంటే, వాడికి ఆ సంగతి ఎవరైనా చెప్పారా? మళ్ళీ అదే, పేరు చెప్పే మనిషి కావాలి.

"అన్నీ నెట్‌లో ఉన్నాయి కదండీ" అనే మాట దగ్గరికి వద్దాం. ఏవి ఉన్నాయి? తెలుగులో పాత పుస్తకాలు చాలా స్కాన్ చేసి పెట్టారు, గొప్ప పని. తెరిచి చూడండి, రెండో పేజీలోనో మూడో పేజీలోనో ఏదో ఒక ఊరి గ్రంథాలయం ముద్ర గుండ్రంగా ఉంటుంది. ఎవరో వందేళ్ళు బీరువాలో దాచి, చెదలు పట్టకుండా ఎండబెట్టి, అట్ట ఊడితే అతికించి ఉంచబట్టి అది మీ ఫోనులోకి వచ్చింది. ఇక కొత్త పుస్తకాలు అమ్మకానికి దొరుకుతాయి. మధ్యలోవే చిక్కు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తరవాత 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. దాంతో 1950ల నుంచి 90ల దాకా అచ్చయినవి ఎక్కువభాగం చట్టబద్ధంగా నెట్‌లో పెట్టడానికి లేదు, మళ్ళీ అచ్చు వేసేవాళ్ళూ లేరు. మా అమ్మల కాలం పుస్తకాలవి. ఆ "రెండో భాగం" పుస్తకాలు. అవి ఉంటే ఇలాంటి బీరువాల్లోనే ఉండాలి.

ఊరి కాగితాలు ఇంకో రకం. స్కూలు వజ్రోత్సవ సంచిక, సహకార సంఘం నివేదిక, నాటక పరిషత్తు కరపత్రం. వీటిని ఎవరూ స్కాన్ చేయరు, ఎందుకంటే అలాంటివున్నాయని ఆ ఊరు దాటితే ఎవరికీ తెలియదు.

ఇక్కడ నేను నా తప్పు ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక శాఖలో పైకప్పు కారేది. రెండు వానాకాలాలు పైఅధికారులకి రాశాం, బాగుచేయలేదు. మూడో ఏడు పాడైన పుస్తకాల జాబితా తయారుచేయమన్నారు. "ఎలాగూ అన్నీ నెట్‌లో ఉంటాయి, మేడమ్" అన్నారు. పని ఒత్తిడిలో ఉన్నాను, అలసిపోయి ఉన్నాను, సంతకం పెట్టాను. తూకానికి వెళ్ళిపోయాయి. ఆరు నెలల తరవాత ఒక పెద్దాయన వచ్చారు. 1986 వరదలో ఊళ్ళో ఎవరెవరు ఎలా పనిచేశారో రాసిన హైస్కూలు ప్రత్యేక సంచిక ఒకటి ఉండాలమ్మా, అందులో మా నాన్న పేరుంది, మనవడికి చూపించాలి అన్నారు. వచ్చిన ప్రతి పుస్తకం రాసుకునే యాక్సెషన్ రిజిస్టరులో ఉంది. బీరువాలో లేదు. జాబితా తీసి చూస్తే, నా సంతకానికి పై వరసలోనే ఉంది. నేను ఆయన ముందు ఫోనులో వెతికాను. ఆయన కూడా నాతోపాటు ఆ తెరలోకి చూస్తూ నిలబడ్డారు. ఏముంటుంది అందులో! "పోన్లెండమ్మా" అని వెళ్ళిపోయారు. ఈ మాట ఇప్పటిదాకా ఏ సభలోనూ చెప్పలేదు.

డబ్బు సంగతి కూడా ఒక్క నిమిషం. గ్రంథాలయం ప్రభుత్వం దయతో నడుస్తోందని చాలామంది అనుకుంటారు. ఇంటికెళ్ళి మీ ఇంటి పన్ను రసీదు తీయండి. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద, పన్ను రూపాయి మీద 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ప్రతి ఇంటివాళ్ళూ కడుతున్నారు. చదివేవాళ్ళూ, చదవనివాళ్ళూ, ఆ ఆటో అబ్బాయి తండ్రీ. ఆ సెస్సు వసూలై గ్రంథాలయ సంస్థకి సమయానికి చేరితే కొత్త పుస్తకాలు, చేరకపోతే లేదు. కాబట్టి మీరు ఇక్కడ అతిథులు కారు. పంచాయతీలో అడగండి, సెస్సు జమ చేశారా అని. ఫ్యాను కింద ఊరికే కూర్చుంటున్నారని ఎవరైనా అంటే, మా నాన్న 8 పైసలు కట్టాడండీ అని చెప్పండర్రా.

వేళలు కూడా మారాలి. పొద్దున్న మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు అనేది పేపరు చదివే పెద్దల కాలం నాటి లెక్క. చదువుకునే పిల్లకి మధ్యాహ్నం కావాలి. చీకటి పడ్డాక కాలవ గట్టున నడిచి వెళ్ళడానికి దీపం కావాలి, లోపల మరుగుదొడ్డి కావాలి. నేను పనిచేసిన శాఖల్లో ఆడపిల్లలు తగ్గిన ప్రతిచోటా ఈ రెండిట్లో ఒకటి లేదు. ఇంతకంటే పెద్ద పరిశోధన అక్కర్లేదు దీనికి.

ఇక ఆ నాలుగు అడుగుల సంగతి. పిల్లల్ని లేచి బీరువా దగ్గరికి రమ్మని ఉపన్యాసం ఇస్తే రారు. బీరువాని బల్ల దగ్గరికి తేవాలి. నేను చివరి ఏడాది చేసింది చిన్న పని. రోజూ పొద్దున్న తాళం తీయగానే, రీడింగ్ రూమ్ బల్లల మీద తలా ఒక పుస్తకం తెరిచి పెట్టి ఉంచేదాన్ని. అడిగి ఇవ్వడం కాదు, ఊరికే తెరిచి ఉంచడం. ఆ రోజు పేపర్లో పోలవరం వార్త ఉంటే ఆనకట్ట పుస్తకం. నవంబరు వస్తే 1996 తుపాను నాటి పత్రికల కత్తిరింపులు. కొందరు పక్కకి జరిపి తమ గైడు పెట్టుకునేవారు. కొందరు జరిపేముందు ఒక పేరా చదివేవారు. ఒకబ్బాయి మూడు రోజులు ఒకే పుస్తకం దగ్గర కూర్చుని, నాలుగో రోజు వచ్చి సభ్యత్వానికి ఎంత కట్టాలండీ అని అడిగాడు.

ఇప్పుడు మీతో నాకో పని ఉంది. ఇందాక చెప్పిన ఆ హైస్కూలు సంచిక, నా సంతకంతో పోయింది, అది ఈ మండలంలోనే అచ్చయింది. నాలుగైదు వందల కాపీలైనా వేసి ఉంటారు. ఏదో ఒక ఇంట్లో అటక మీద, పాత ట్రంకు పెట్టెలో పెళ్ళి శుభలేఖల కింద ఒకటి ఉండే ఉంటుంది. అట్ట మీద స్కూలు బొమ్మ, నీలం రంగు. అదే కాదు, అలాంటివి ఏవున్నా సరే. మాకు ఇచ్చేయక్కర్లేదు. ఒక్క పూట ఇవ్వండి. ఆ మూడో వరసలో పచ్చ చున్నీ వేసుకున్న అమ్మాయి, పేజీ పేజీ ఫోనులో ఫొటో తీసి, పేరు రాసి భద్రం చేస్తానని ఒప్పుకుంది. మీ కాగితం మీకు సాయంత్రానికల్లా ఇచ్చేస్తుంది. ఆ పెద్దాయన ఫోను నంబరు నా దగ్గర ఇంకా ఉంది.